రెండు తలల హీరో మీద నా తీర్పు

మీకిప్పుడొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో మనుషులకి బంగారు రెక్కలు మొలుస్తాయి. రెండు వంశాలు ఎదురెదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూసుకుంటాయి. ఒక ఆడపిల్ల మౌనవ్రతం పడుతుంది. చివరికొక పెద్దాయన లేచి నిలబడి, నా వైపు వేలు చూపించి, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు.

ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. గాథా లేదు, గాడిదగుడ్డూ లేదు. రెక్కలు ఒక డబ్బింగ్ సినిమాలోవి. వంశాలు రెండూ కూర్చున్నది నరసన్నపేటలో మా ఇంటి ముందుగదిలో, పక్కింట్లో అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీల్లో. ఆ ఉపద్రవానికి మూలకారణం నా నోరు.

అప్పట్లో నేను డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకి చదువుతున్నానని మా నాన్నని నమ్మించి, సినిమాలు చూసి తీర్పులు చెబుతుండేవాణ్ణి. నా స్నేహితుడు పైడిరాజుకి సొంతంగా ఒక యూట్యూబ్ ఛానెల్ ఉండేది. ఛానెల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. పగిలిన ఫోనొకటి, దానికి తగిలించిన మైకొకటి. ఆ మైకుకి గాలి తగలకుండా వాళ్ళమ్మ పాత మేజోడొకటి తొడిగింది. కొత్త సినిమా వస్తే పైడిరాజు థియేటరు గేటు దగ్గర నిలబడి బయటికొచ్చే జనం మూతుల ముందు ఆ మేజోడు పెట్టేవాడు. దాని పేరు పబ్లిక్ టాక్. అందరికంటే ముందు ఎవరి వీడియో వస్తే వాళ్ళే గొప్ప. అందుకని మేమొక పద్ధతి కనిపెట్టాం. నేను విశ్రాంతి దాకా చూసి బయటికొచ్చేస్తాను, పూర్తి సినిమా మీద తీర్పు చెప్పేస్తాను. రెండో సగం ఎలా ఉంటుందో మొదటి సగం చూస్తే తెలియదా? పెళ్ళిభోజనంలో పప్పు వడ్డించగానే మిగతాదంతా అర్థం కాదా?

అలాంటి రోజుల్లో వచ్చిందా హిందీ సినిమా. బొంబాయిలో బట్టలు కుట్టుకునే కుర్రాడికి ఒక పాత తాయెత్తు దొరుకుతుంది, వీపున రెక్కలొస్తాయి, లోకాన్ని కాపాడతాడు. హిందీ విమర్శకులు ముందే చూసేసి రాసేశారు. నేను ఒక్కటి వదలకుండా చదివాను. అందరిదీ ఒకటే మాట: కథ నీరసం, మాటలు అంతకంటే నీరసం, కానీ గ్రాఫిక్స్ అద్భుతం, ఆ రెక్కలు చూడ్డానికే వెళ్ళొచ్చు.

"అందరూ ఒకలాగే సెప్తే మన మాట ఎవులింటారు రా?" అన్నాడు పైడిరాజు.

"అయితే తిరగేద్దాం. కథ సూపరు, గ్రాఫిక్స్ సెత్త," అన్నాను నేను, సినిమా చూడకముందే.

కానీ థియేటర్లో కూర్చున్నాక తెలిసింది, నేను తిరగెయ్యాల్సిన అవసరమే లేదని. ఆలస్యంగా వెళ్ళి, విమర్శకుడికి అడ్డం ఉండకూడదని మొదటి వరసలో కూర్చున్నానా, తెర మీద చూస్తే ఘోరం. హీరోకి తల పక్కన ఇంకో తల. రంగు పక్కకి జరిగి అచ్చయిన శుభలేఖలా ఉన్నాడు. మీసం ఒక చోట ఉంటే, ఆ మీసానికి తోడుగా జానెడు దూరంలో మరో మీసం. రెక్కలు వచ్చేసరికి నాలుగయ్యాయి. బొంబాయి పెద్దమనుషులు డబ్బు తీసుకుని రాశారని నాకు అక్కడికక్కడే రూఢి అయిపోయింది. విశ్రాంతికి దీపాలు పూర్తిగా వెలగకముందే బయటికి పరుగెత్తాను. ఒళ్ళంతా సత్యావేశం, కళ్ళలో మాత్రం నీళ్ళు. నొప్పికి.

"సెప్పండి బ్రదర్, సినిమా ఎలగుంది?" అన్నాడు పైడిరాజు, నన్నెప్పుడూ చూడనట్టు మొహం పెట్టి.

"కథ బంగారం," అన్నాను. "కానీ గ్రాఫిక్సేటండీ అవి? మనిషికి రెండు తలలా? రెక్కలా అవి? ఈకలు పీకిన కోడిని ఎవులో ఊపేసినట్టున్నాది! ఆ రెక్కలు సేసినోడు ఎవడో గాని, ఆడికి పని నేర్పినోణ్ణి పట్టుకుని అడగాలి. ఇలాటోడికి పిల్లనెవులిస్తారండీ?"

ఆఖరి వాక్యం ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఊపులో వచ్చేసింది. పైడిరాజు మాత్రం పొంగిపోయాడు. నేనూ ఊరుకోలేదు. వీడియో రాగానే తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను. మా అమ్మ వారం క్రితమే మొదలెట్టిన కొత్త గ్రూపులో కూడా. అది మా సుధక్కకి కుదరబోతున్న సంబంధం వాళ్ళతో ఏర్పాటు చేసుకున్న గ్రూపు. ఆదివారం వాళ్ళు పెళ్ళిచూపులకి రావాలి. కాబోయే బావగారిని కాస్త నవ్విద్దామని నా ఉద్దేశం.

ఇక్కడ అక్క గురించి చెప్పాలి. ఆమెకి అంత తొందరగా ఎవరూ నచ్చరు. అలాంటిది విజయనగరం అబ్బాయి మురళితో రెండు నెలలుగా ఫోనులో మాట్లాడి, తనే వచ్చి నాన్నతో "నాకిష్టమే" అని చెప్పింది. మురళి తండ్రి సన్యాసిరావుగారికి అక్కడ ఇత్తడి సామాన్ల కొట్టు. నాన్నది బియ్యం కొట్టు. కొట్టూ కొట్టూ కలిశాయి. మురళి విశాఖపట్నంలో "కంప్యూటర్లో ఏదో" చేస్తాడని మాత్రమే నాకు తెలుసు. ఈ దేశంలో సగం మంది చేసేది అదే కదా అని వివరాలు అడగలేదు.

అక్క వీడియో మొత్తం చూసింది. ఫోను నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"ఆ రెక్కలు ఎవులు సేసినారో తెలుసేట్రా నీకు?"

"ఎవుడో పనికిమాలినోడు."

"మురళి. ఎనిమిది నెలలు. ఒక్కో ఈకా."

ఆ తర్వాత అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. తిట్టినా బాగుండేది. కంచంలో అన్నం పెట్టి, గోడకేసి చూస్తూ పక్కకి తోసేది. నేను గ్రూపులో వీడియో తీసేసేలోపే వాళ్ళింట్లో అందరూ చూసినట్టు నీలం గుర్తులు వచ్చేశాయి. ఛానెల్లోంచి తీసెయ్యరా అని పైడిరాజు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"బాగోదురా. మొదటిసారి మనోళ్ళు కానోడొకడు కామెంట్ పెట్టినాడు," అన్నాడు.

"ఏటని పెట్టినాడు?"

"నిన్ను తిట్టినాడులే. అయినా కామెంటే కదా."

శనివారం పొద్దున్న నాన్నకి సన్యాసిరావుగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. స్పీకరులో అందరం విన్నాం.

"మీ అబ్బాయి సినిమా గురించి మాట్లాడినాడు కదండీ. నాలుగు సార్లు సూసినాను. రేపు మేం వచ్చినప్పుడు ఆ అబ్బాయి ఇంట్లోనే ఉండాల. నాను మాట్లాడాల."

పెట్టేశారు. అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళింది. నాన్న నన్ను పురుగు పట్టిన బియ్యం బస్తాని చూసినట్టు చూశాడు. "రేపు ఆయన ఏటన్నా నోరెత్తకు. కాళ్ళ మీద పడమంటే పడు," అన్నాడు. అక్క రేపటికోసం తీసి పెట్టుకున్న పొందూరు చీరని మళ్ళీ మడత పెట్టి బీరువాలో పెట్టేసింది. అది చూశాక మాత్రం నాకు కామెడీ అంతా దిగిపోయింది.

ఆదివారం వాళ్ళు వచ్చారు. సన్యాసిరావుగారు మందపాటి కళ్ళద్దాలతో, నవ్వన్నది తెలియని మొహంతో కూర్చున్నారు. మురళి తల వంచుకున్నాడు. అమ్మ పట్టుబట్టడంతో అక్క ఆ చీరే కట్టుకుని వచ్చి కూర్చుంది. జంతికలు ముట్టుకున్నవాళ్ళు లేరు. కాసేపటికి పెద్దాయన లేచి నిలబడి నా వైపు వేలు చూపించారు.

"బాబూ, నిజం సెప్పు. ఆ హీరోకి నిజంగా రెండు తలలు కనిపించినాయా నీకు?"

నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ మాట మార్చలేదు. "లేదండి మావయ్యగారూ! ఒకటే తల! చాలా చక్కటి తల! రెక్కలు కూడా రెండే. నవ్వులాటకి అలా అన్నాను."

ఆయన కోపం తగ్గుతుందనుకున్నానా, మొహం ఇంకా వాడిపోయింది. కుర్చీలో కూలబడిపోయారు.

"ఒకటేనా..." అన్నారు. "అయితే నా కళ్ళే పోయినాయన్నమాట."

"ఏటండీ ఆ మాట?" అంది ఆయన భార్య, గాభరాగా.

అప్పుడు బయటపడింది సంగతి. సినిమాలు చూడనని కొడుకు దగ్గర బిగుసుకున్న పెద్దమనిషి, మధ్యాహ్నం కొట్టు మూసుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక్కరే వెళ్ళారట కొడుకు పని చూడ్డానికి.

"తెర మీద అన్నీ రెండేసి కనిపించినాయే. బిందెకి సొట్టుంటే గుమ్మంలోంచి పట్టేసేవోణ్ణి, కొడుకు సేసిన ఈక ఒక్కటి సరిగ్గా సూడనేకపోయినాను. డాక్టరు దగ్గిరికెళ్తే ఏటంటాడోనని బయిం. అంతలో ఈ బాబు వీడియో వచ్చినాది. ఈడికీ రెండు కనిపించినాయంటే నా కళ్ళు బాగున్నట్టే కదా అని పేణం లేసొచ్చినాది. సొయంగా అడిగి తెలుసుకుందామని వచ్చినాను. ఈడేమో ఒకటే అంతన్నాడు."

నాన్న వద్దన్న సంగతి మరిచిపోయి నేనే లేచాను.

"రెండే మావయ్యగారూ! అమ్మతోడు! తలలు రెండు, రెక్కలు నాలుగు! నాకూ అలగే కనిపించినాయి!"

"నిజిమా?" అని ఆయన నా రెండు చేతులూ పట్టేసుకున్నారు. తప్పిపోయి దొరికిన అన్నదమ్ముల్లా ఇద్దరం అలా నిలబడిపోయాం.

అప్పుడు తలెత్తాడు మురళి. "నాన్నా," అన్నాడు నెమ్మదిగా, "అది త్రీడీ సినిమా. లోపలికెళ్ళేటప్పుడు కళ్ళజోడిస్తారు. పెట్టుకున్నావా?"

"ఇచ్చినాడ్రా గేటు కాడ. నాకు సొంతయి ఉన్నాయి, అక్కర్నేదన్నాను," అని సన్యాసిరావుగారు తన ముక్కు మీదున్నవి తట్టి చూపించారు.

మురళి నా వైపు తిరిగాడు. "మరి నువ్వు?"

గేటు దగ్గర ఒకాయన నా వెనకాలే రెండడుగులు వచ్చి కళ్ళజోడు చెయ్యి చాపి ఇవ్వబోవడం అప్పుడు గుర్తొచ్చింది నాకు. "నాకు సైట్ లేదు బాబాయ్" అని ఆయన్ని పక్కకి జరిపి వెళ్ళిపోయాను.

"నాకు... కళ్ళు బాగానే ఉన్నాయని..." అన్నాను.

మొదట నవ్వింది అక్క. మూడు రోజుల మౌనవ్రతం తెగి, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. తర్వాత మురళి. తర్వాత అత్తగారు, నాన్న, అందరికంటే ఆఖర్న సన్యాసిరావుగారు. ఆయన నవ్వితే జంతికల పళ్ళెం కదిలింది.

"అయితే గోపీ," అన్నాడు మురళి, కళ్ళు తుడుచుకుంటూ, "ఇలాటోడికి పిల్లనెవులిస్తారు?"

"మేవే ఇస్తాం బావా," అన్నాను. "దయచేసి పుచ్చుకోండి."

తలుచుకుంటే ఇప్పటికీ గుండె మీంచి బియ్యం బస్తా దించినట్టుంటుంది. ఆ సాయంత్రమే నేనొక భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇకముందు ఏ సినిమానైనా సరే, ఆఖరి పేరు తెర మీద నుంచి దిగిపోయేదాకా, ఇచ్చిన కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని, పని చేసినవాళ్ళలో మా బంధువులెవరున్నారో కనుక్కుని గానీ నోరు విప్పను. ఈ మాట తప్పితే నా వీపున ఈకలు మొలుచుగాక.

అన్నట్టు, త్రీడీ కళ్ళజోళ్ళు గేటు పక్కన నీలం ప్లాస్టిక్ తొట్టెలో ఉంటాయి. ఆట అయ్యాక మళ్ళీ అందులోనే వేసి వెళ్ళాలి.