"ఏ పనైనా చేస్తా" అనొద్దన్న మా నర్సింలు అన్న

నర్సింలు అన్న లేడట.

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా ఎల్లారెడ్డి నుంచి ఫోన్. "చెల్లె, అన్న పోయిండు" అన్నారు. ఏ అన్న అని అడిగాను. తెలిసి కూడా అడిగాను.

రెండు రోజుల జ్వరమట. మొన్న ఆదివారమే నా ప్రొఫైల్ ఫొటో కింద కామెంట్ పెట్టాడు, "తల పైకెత్తు చెల్లె" అని. నేను నవ్వుకుని లైక్ కొట్టాను. అంతే, అదే ఆఖరు.

అన్నను తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది గాంధారి దగ్గర తండా. డిగ్రీ కామారెడ్డిలో చదివాను. నర్సింలు అన్నది ఎల్లారెడ్డి. బీకాం పాసై, మా హాస్టల్ సందులోనే రూమ్ తీసుకుని ఉద్యోగం వెతుక్కునేవాడు. ఎంత తిరిగినా ఒక్కటీ దొరకలేదు.

ఆయనకో విచిత్రమైన అలవాటు ఉండేది. ఇంటర్వ్యూలో వద్దంటే మేమైతే ఆ వీధిలోకే మళ్లీ వెళ్లేవాళ్లం కాదు. అన్న కొన్నాళ్లు ఆగి, అదే ఆఫీసుకు వెళ్లేవాడు.

ఉద్యోగం కోసం కాదు. "నన్ను ఎందుకు తీస్కోలేదు సార్, తప్పేందో చెప్తే దిద్దుకుంట" అని అడగడానికి.

మేం ఆట పట్టించేవాళ్లం. "పిల్లను ఇయ్యనన్నోళ్ల ఇంటికే మళ్లా పోయి, నాకేం తక్కువైందని అడుగుతరా అన్నా?"

"అడగందే అమ్మయినా పెట్టదు. వాళ్లు ఊకెనే చెప్తరా?" అని నవ్వేవాడు.

కొందరు కసిరి పంపారు. ఒక విత్తనాల కంపెనీ మేనేజర్ మాత్రం కూర్చోబెట్టి చాయ్ తాగించి చెప్పాడట. "నువ్వు మాట్లాడినంత సేపు నేలనే చూసినవ్. నా మొఖం ఎట్లుంటదో గూడ నీకు తెల్వదు."

ఆ సాయంత్రమే సందు చివర చాయ్ హోటల్ దగ్గర అన్న మా అందరికీ ఆ మాట చెప్పేశాడు. పెద్దవాళ్ల ముందు తల దించడమే మర్యాద అని పెరిగిన పిల్లలం. ఆ మర్యాదే మమ్మల్ని ముంచుతోందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అలా అన్నను వద్దన్న ప్రతిసారీ మాకో పాఠం దొరికేది. ఆయనకు మాత్రం ఉద్యోగం దొరికేది కాదు.

ఇక నా సంగతి.

డిగ్రీ అయ్యాక రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మా బాపు ఒకటే మాట చెప్పాడు. "దసరా దాకా చూస్త బిడ్డా. గప్పటికి గూడ కాకుంటే మాతోని చెరుకు కొట్టనీకి రా."

ఏటా మా తండాలో సగం మంది చెరుకు కోతకు పోతారు. అది తప్పేం కాదు. కానీ ఒకసారి కత్తి పట్టుకుని లారీ ఎక్కితే నా చదువు అక్కడితో సరి అని భయం.

మూడో ఇంటర్వ్యూ ముందు అన్న కూర్చోబెట్టి అడిగాడు.

"ఏం పని చేస్తవంటే ఏమన్నవ్?"

"ఏ పనైనా చేస్త సార్ అన్న."

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గది కూలి అడ్డ మీది మాట చెల్లె. మేస్త్రి అడిగితే గట్లనే అనాలె, లేకుంటే గుంపుల కలుపుకోడు. ఆఫీసుల గట్లంటే, ఈ పిల్లకు ఏ పనీ రాదనుకుంటరు. నీకు మంచిగ వచ్చిన పని ఒక్కటి చెప్పు."

నాకేమీ రాదన్నాను.

"మరి మొన్న మీ తండా అవ్వను దవాఖానకు ఎవరు తోల్కొచ్చిన్రు?"

నేనే. మా ముసలమ్మలకు తెలుగు సరిగా రాదు. వాళ్ల బాధ మా లంబాడీ భాషలో విని డాక్టరుకు చెప్పేదాన్ని, డాక్టరు మాట మళ్లీ వాళ్లకు చెప్పేదాన్ని. అది కూడా ఒక పని అని నాకెప్పుడూ తోచలేదు.

"గదే చెప్పు. మొఖం చూసి చెప్పు."

కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్ పోస్ట్. అదే చెప్పాను, డాక్టరు గారి ముఖం చూసి. ఆయన ఇంకేమీ అడగలేదు. ఎప్పటి నుంచి వస్తావన్నారు.

ఆ ఏడు మా వాళ్లు లారీ ఎక్కుతుంటే నేను కింద నిలబడి చేయి ఊపాను.

తర్వాత అన్నకూ దొరికింది, ఇంటర్వ్యూలకు ట్రైనింగ్ ఇచ్చే సెంటర్లో. నీకు బాగా వచ్చిన పని ఏంటని వాళ్లడిగితే, "మాసోంటి పిల్లలను ఎందుకు వద్దంటరో నాకు మొత్తం ఎరుకే సార్" అన్నాడట. ఆ మాటకే తీసుకున్నారు. ఆ రోజు మాకు మిర్చీలు తినిపించి, అందరికంటే తనే ఎక్కువ నవ్వాడు.

అన్న తల్లి రాజవ్వకు మాత్రం ఆ ఉద్యోగం ఏమిటో అర్థం కాలేదు. "మాట్లాడుడు గూడ ఒక పనేనా కొడుకా?" అనేది.

తెలంగాణ వచ్చింది, ఇక కొలువులు పడతాయి, సెంటర్ నిండిపోతుంది అని మొన్నటిదాకా ఎంత హుషారుగా ఉన్నాడో. ఇదేం న్యాయం దేవుడా.

నిన్న ఎల్లారెడ్డి వెళ్లాను. ఇంటి ముందు నిలబడడానికి జాగా లేదు. ఎక్కువ మంది అన్న దగ్గర నేర్చుకున్నవాళ్లే. రాజవ్వ గడప దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ల చేయి పట్టుకుని ఒకటే అడుగుతోంది.

"నువ్వేం పని చేస్తవ్ బిడ్డా?"

ఒక్కరూ తల దించలేదు. ఏడుస్తూనే, ఆమె ముఖం చూసి చెప్పారు.

"మందుల ఏజెన్సీల స్టాకు చూస్త అవ్వా."

"బడిల చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దిపిస్త అవ్వా."

నా వంతు వచ్చింది. "దవాఖానకు వచ్చినోళ్ల బాధ డాక్టరుకు సమజయ్యేటట్టు చెప్త అవ్వా" అన్నాను.

ఇదంతా ఎవరు నేర్పారని అడిగింది. మీ నర్సింలే అన్నాను.

రాజవ్వ చాలాసేపు నా చేయి వదల్లేదు.

"అయితే మా వాడు చేసింది పనే బిడ్డా" అంది.

అన్నా, ఇక నిన్ను వద్దనేవాళ్లు ఎవరూ లేరు.

తల ఎత్తుకునే పో. నిమ్మళంగా ఉండు.