ఇరవై అయిదు అంకెల సంఖ్య, రెండు మార్కుల ప్రశ్న

మధ్యాహ్నం మూడుంబావుకు హాల్లోకి టీ వచ్చింది. శ్రీకాకుళంలో డిగ్రీ జవాబు పత్రాలు దిద్దే శిబిరంలో అది మూడో రోజు, నా పదవీ విరమణకు ముందటి వేసవి. సంఖ్యా సిద్ధాంతం పేపరుకు నేను చీఫ్ ఎగ్జామినర్‌ని. నా కింద ఆరుగురు లెక్చరర్లు. మొదటి రోజు ‘కీ’ని, అంటే జవాబుల పట్టికను సరిచూసి సంతకం పెట్టడం, ఆ తర్వాత వాళ్లు దిద్దినవాటిలో కొన్ని తిరిగి చూడడం నా పని.

టీ తీసుకోకుండా, పాతపట్నం కాలేజీ నరసమ్మ గారు ఒక పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

“మాస్టారూ, దీనికి సున్నా ఎయ్యమంటన్నాది మన కీ. నాకు సెయ్యి రావట్లేదు,” అన్నారు.

ప్రశ్న చిన్నదే. ఎనభై మూడు రెండ్లను గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యా? ఆ సంఖ్యకు ఇరవై అయిదు అంకెలుంటాయి. “అవును, 83 ప్రధాన సంఖ్య కనుక” అంది కీ. విద్యార్థి “కాదు. 167 దాన్ని భాగిస్తుంది” అని రాసి ఊరుకున్నాడు, లేదా ఊరుకుంది. ఎవరో మాకు తెలియదు. పేపరు మీద కోడ్ నంబరే ఉంటుంది. మిగతా మార్కులన్నీ కూడితే పాసుకు సరిగ్గా రెండు తక్కువ.

నరసమ్మ గారికి వరసకు బావ అయ్యే రామునాయుడు గారు రోజూ గరివిడి నుంచి వచ్చేవారు. అప్పటికే తన కట్ట ముగించి సంచీ సర్దుకున్నారు.

“ఏటి నర్సమ్మా, రెండు మార్కులకి అంత లెక్క సేస్తావా? నా బస్సెల్లిపోతాది.”

“ఎల్లిపోనీ బావా. పరీక్షలో కూకుని సేసిన లెక్క, టీ తాగి మనం సెయ్యలేమేటి?”

ఆవిడే బోర్డు దగ్గరికి వెళ్లారు. అంత సంఖ్యనూ భాగించక్కర్లేదు, శేషాలు చాలు. ఎనిమిది రెండ్ల లబ్ధం 256. అందులో 167 పోతే 89. 89ని దానితోనే గుణించి 167తో భాగిస్తే మిగిలేది 72. అది పదహారు రెండ్ల శేషం. అలాగే ముప్ఫై రెండింటికి 7, అరవై నాలుగింటికి 49. అరవై నాలుగూ పదహారూ మూడూ కలిస్తే ఎనభై మూడు. కాబట్టి 49ని 72తోనూ, మళ్లీ మూడు రెండ్ల లబ్ధం 8తోనూ గుణించారు. 28,224. అందులో 167 చొప్పున తీస్తే మిగిలింది ఒకటి. ప్రశ్నలో తీసేయమన్నదీ ఒకటే, అది పోతే శేషం సున్నా.

రామునాయుడు గారు సంచీ కింద పెట్టారు. “కట్టలిప్పండి,” అన్నారు.

తప్పు నాది. గుణించే రెండ్ల లెక్క ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఇలాంటి సంఖ్య ప్రధానం అయిపోదనీ, పదకొండు రెండ్ల దగ్గరే, 2047ను 23 భాగిస్తుంది కనుక, ఆ మాట చెల్లదనీ ఏటా క్లాసులో చెప్పినవాణ్ని. కీ చూసేటప్పుడు పెద్ద ప్రశ్నలు చేసి చూశాను, రెండు మార్కులవి చూడలేదు. ఆ సంగతే కాగితం మీద రాసి క్యాంప్ ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన చదివి, ఇచ్చిన మార్కులు తీయవద్దు, సరిగా రాసినవాళ్లకు చేర్చండి అని ఉత్తర్వు రాశారు. అన్ని కట్టలూ విప్పితే 167 రాసిన పేపర్లు మరో రెండు దొరికాయి. నరసమ్మ గారు తన పేపరు మీద సున్నా వేయనే లేదు కనుక కొట్టివేత అవసరం లేకపోయింది. రెండు వేసి, చల్లారిన టీ తాగారు. రామునాయుడు గారు ఆఖరి బస్సుకు వెళ్లారు.

నరసమ్మ గారు నిరుడు కాలం చేశారు. ఆ సాయంత్రం తలుచుకుంటే నాకు ఇప్పటికీ తృప్తిగానే ఉంటుంది. సంఖ్య సంయుక్తమని చెప్పడానికి ఒక్క భాజకం చూపితే చాలు. ప్రధానమని చెప్పడానికి చాలా పని చేయాలి. నేను ఆ పని చేయకుండా సంతకం పెట్టాను. సంతకం పెట్టేవాడు చిన్న ప్రశ్నలు కూడా చేసి చూడాలని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు జవాబు పత్రాలను స్కాన్ చేసి, ఎవరి తెర మీద వాళ్లకు పంపుతున్నారు. పేపరు చేత్తో పట్టుకుని చీఫ్ బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు.