సంతకం లేని సీసా

ఈ సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెరువు కేసు ఓడిపోయింది నా వల్ల, ఓబులేసు సార్ వల్ల కాదు. పోయిన సోమవారం కర్నూలు ఆసుపత్రిలో సార్ కన్నుమూశారని ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ సీసానే కళ్ల ముందు నిలిచింది.

సార్ మాకు పర్యావరణ చట్టం చెప్పేవారు. ఆయన పరిశోధనంతా మన చెరువుల చేపల మీదే. సగం పాఠాలు గట్టు మీదే జరిగేవి. "చట్టం పుస్తకంలో కాదమ్మా, చేప మొప్పలో వెతుకు" అనేవారు. బేతంచెర్ల దిగువన ఒక చెరువులో బొచ్చె చేపలు చచ్చి తేలినప్పుడు మొప్ప విప్పి చూపించారు. బండలు పాలిష్ పట్టిన తెల్ల బురద సున్నంలా పేరుకుని ఉంది. ఆ బురద వదిలే పాలిష్ ఫ్యాక్టరీ మీద సార్ కేసు వేశారు.

నీళ్లు సీసాలో పట్టాక, గట్టు దిగకముందే చేపలు పట్టేవాళ్లలో ఇద్దరితో చీటీ మీద సాక్షి సంతకం పెట్టించాలి. అది సార్ నియమం. ఆ రోజు ఆ పని నాది. చుట్టూ అందరూ మగవాళ్లు. అక్కడ వల వేస్తున్న మద్దిలేటి తాతను పిలవడానికి నాకు నోరు రాలేదు. సీసా అట్లాగే సంచిలో పెట్టేశాను.

విచారణలో ఫ్యాక్టరీ యజమాని తరఫు లాయరు ఆ సీసా పైకెత్తి, ఇవి చెరువు నీళ్లో ఇంటి కుళాయి నీళ్లో అని అడిగాడు. అందరూ నవ్వారు. సార్ లేచి తప్పు తనదేనన్నారు. బయటికొచ్చాక యజమాని సార్ భుజం తట్టాడు. "ఏమప్పా సారూ, చేపల పులుసు తిని పండుకోకుండా నీకెందుకీ యవ్వారం?"

సంతాప సభకు అందరికంటే పెద్ద దండ తెచ్చింది ఆ మనిషే. మైకు పట్టుకుని సార్ తనకు ఆప్తుడన్నాడు. నేను వెనక వరసలో తల వంచుకునే ఆ మాటలన్నీ డైరీలో రాసుకున్నాను. సార్ లేని లోటు తీరదు. తీరాలని కూడా నాకు లేదు. అతని ఫ్యాక్టరీ మురుగు కాలువ మూతపడాలి. ఆ సీసాలో నీళ్లు ఎక్కడివో ఆ మనిషే నిలబడి ఒప్పుకోవాలి. అంతదాకా నేనతన్ని క్షమించను.

నిన్న మళ్లీ ఆ చెరువుకు పోయాను. మద్దిలేటి తాతను నేనే పిలిచాను. ఆయన వేలిముద్ర వేశాడు, అల్లుడు సంతకం పెట్టాడు. "ఆ పొద్దే అడిగింటే ఏసింటిని గదమ్మా" అన్నాడు తాత. నేను చీటీ మీద తేదీ రాసి సీసాకు అంటించాను.

సార్‌ను చివరిసారి చూసినప్పుడు ఆ రోజు ఎందుకు సంతకం పెట్టించలేదో చెప్పేయాలనే ఆసుపత్రికి పోయాను. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నారు:

"నాకు తెల్సు లేమ్మా. నువ్వు సిగ్గుపడితివి. ఆ ఫ్యాక్టరీవాడు మాత్రం సిగ్గుపడలేదు. ఈసారి సంతకం పెట్టించినాకనే గట్టు దిగు."