దూరం నుంచి దండం

మా అపార్టుమెంటులో మెట్లు కడిగే రోజున ఫినాయిల్ వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆ వాసన తగలగానే నేను ఎక్కడ కూర్చున్నా కాళ్ళు రెండూ పైకి లాక్కుంటాను. "చూహా ఆయా క్యా మమ్మీ?" అని మా అమ్మాయి నవ్వుతుంది. ఎలుకేమీ రాలేదని దానికీ తెలుసు.

నా చిన్నప్పుడు భిలాయిలో, క్యాంప్ 2లో, మాది రెండు గదుల ఇల్లు. ఉక్కు ప్లాంటులో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నాన్న, అమ్మ, చిన్నాన్న, పిన్ని, నేను, చెల్లెలు, అందరి మీదా పెద్దరికంగా నానమ్మ, ఏడుగురం అందులోనే ఉండేవాళ్ళం. దండెం మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి ఎర్రటి ధూళి పట్టి మాసిపోయేవి. చలికాలం పొద్దున్నే వీధి పొడుగునా బొగ్గుల పొయ్యిలు రాజేస్తే ఆ పొగలోంచే పాలవాడి సైకిల్ గంట వినిపించేది. ఎద్దులకు పూజ చేసే పోలా పండక్కి పక్కింటివాళ్ళు పంపే శనగపిండి ఠేఠ్రీలు మేం కరకరా నమిలేవాళ్ళం, వినాయక చవితికి మా ఉండ్రాళ్ళు ఆకులో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవి. ఇన్ని ఉన్నా ఆ ఇంట్లో కాలు చాపడానికి మాత్రం చోటుండేది కాదు.

ఎందుకంటే, కాలు దేనికి తగిలినా తప్పే. మనిషికి తగిలితే ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. కాగితం సరస్వతి, చీపురు లక్ష్మి, నేల మీద పడ్డ బియ్యపు గింజ అన్నపూర్ణ. "అందరిలోనీ దేవుడున్నాడే గుంటా! కాలు తగిల్తే కళ్ళకద్దుకోవాల," అని నానమ్మ రోజుకు పదిసార్లు చెప్పేది. ఏడుగురున్న రెండు గదుల్లో కాలు తగలకుండా ఎవరు తిరగగలరు? పొద్దున్న చాప మీద నుంచి లేచేసరికే చెల్లెలికి ఓసారి, పిన్నికి ఓసారి తగిలేది. ఒక్కసారి అద్దుకుంటే దేవుడికి చాలదేమోనని మూడుసార్లు అద్దుకునేదాన్ని. తొక్కుడుబిళ్ళ ఆడుతూ గడిలో చిత్తుకాగితం కనిపిస్తే ఆట ఆపి వంగేదాన్ని. తోటి పిల్లలు విసుక్కుని నన్ను ఆటలోంచి తీసేసేవారు. బడికి వెళ్ళే దారిలో ఎగిరొచ్చిన ప్రతి పేపరు ముక్కకూ ఆగి ఆగి, గేటు మూసేశాక చేరేదాన్ని. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకునేదాన్ని. చుట్టూ దేవుడే ఉన్నాడు, కానీ అడుగు పెట్టే జాగా ఒక్కటీ లేదు.

మా ఇంటి వెనక సన్నటి సందు ఉండేది. ఆ సందులోని మరుగుదొడ్లూ మురుగుకాలువా శుభ్రం చేయడానికి ఫూల్‌బాయి వచ్చేది. పిక్కల నిండా పచ్చబొట్లు, కాళ్ళకు లావుపాటి వెండి కడియాలు, నానమ్మ ఈడు మనిషి. ఆడపిల్ల కనిపిస్తే చాలు, "నోనీ, నోనీ" అంటూ పలకరించేది. పండగ రోజుల్లో పని ముగించి, ఫినాయిల్ డబ్బా పక్కన పెట్టుకుని మా వెనక మెట్టు మీద కూర్చుంటే, నానమ్మ పైనుంచి ఆమె కొంగులోకి ఉండ్రాళ్ళు జారవిడిచేది. చెయ్యి చేతికి తగలకుండా, ఒక్క ఉండ్రాయి కింద పడకుండా వేసే ఆ ఒడుపు చూసి నేను ముచ్చటపడేదాన్ని.

అలాంటి ఓ చవితి రోజున చెల్లెలు తరుముతుంటే వెనక్కి వెనక్కి పరిగెడుతూ ఫూల్‌బాయి పాదం తొక్కేశాను. అలవాటుగా వంగి, పగుళ్ళు విచ్చిన ఆ పాదాన్ని ముట్టుకుని, మూడుసార్లు కళ్ళకద్దుకున్నాను.

"ఏ కా కరథస్ నోనీ!" ఏం చేస్తున్నావంటూ ఆమె ఉలిక్కిపడి కాళ్ళు లాక్కుంది.

"ఓలమ్మో! దాని కాళ్ళు ముట్టుకున్నావేటే!" నానమ్మ నా రెక్క పట్టుకుని ఈడ్చి, ఫూల్‌బాయి చూస్తుండగానే డ్రమ్ములోంచి చెంబుతో నీళ్ళు తీసి, పండక్కి కట్టిన పట్టు పరికిణీతోనే నన్ను నిలువునా తడిపేసింది.

"అందరిలోనీ దేవుడున్నాడని నువ్వే సెప్పావు కదా నానమ్మా?" అన్నాను వణుకుతూ.

చెంబు ఒక్క క్షణం ఆగింది. "ఉన్నాడు. ఉంటే ఉన్నాడు. దూరం నుంచి దండం ఎట్టు," అంది, మళ్ళీ నీళ్ళు పోసింది.

వంటింట్లో ఉన్న అమ్మ గుమ్మం దాకా వచ్చి తువ్వాలు అందించింది. డ్యూటీ నుంచి వచ్చిన నాన్నకు చెప్పుకుంటే, "పెద్దోళ్ళతోటి వాదనేటమ్మా," అని చొక్కా విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే, సందులో ఆడుతుండగా, కాలువ పక్కన కూర్చుని మురికి వదిలేలా చేతులు తోముకుంటున్న ఫూల్‌బాయికి నా కాలు మళ్ళీ తగిలింది. చెయ్యి దానంతటదే కిందికి దిగింది. మెట్టు మీద నానమ్మ తోటకూర తుంచుతోంది. నా చెయ్యి సగంలో ఆగిపోయింది. మోకాలు దురద పెట్టినట్టు గోక్కున్నాను. ఫూల్‌బాయి అంతా చూసింది. పాదాలు చీర కిందికి లాక్కుని, "జా నోనీ, ఖేల్," అంది, ఆడుకో పొమ్మని. నవ్వుతూనే అంది.

ఆ తరవాత నేను సందులోకి వస్తే చాలు, ఆ పెద్ద మనిషి లేచి గోడకు ఆనుకుని నిలబడి, నాకు దారి ఇచ్చేది. నేను తల వంచుకుని దాటేదాన్ని. ఆమెకు పెట్టలేకపోయిన దండాలు ఆ ఏడంతా చీపురు పుల్లలకూ, పేపరు ముక్కలకూ, ఆఖరికి గులకరాళ్ళకూ పెట్టాను. రాత్రింబగళ్ళు కళ్ళు ఎర్రగా ఉంటున్నాయని అమ్మ మందు చుక్కలు వేయించింది.

కొన్నాళ్ళకు ఇంట్లోనే కొత్త మరుగుదొడ్డి కట్టుకున్నాం. ఫూల్‌బాయి రావడం మానేసింది. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఒకసారి, చరోదా వెళ్ళే షేర్ ఆటోలో, ఎదుటి సీటులో ముడుచుకుని కూర్చున్న ఫూల్‌బాయి కనిపించింది. కడియాలు లేవు గానీ పచ్చబొట్లు ఉన్నాయి. మోకాలికి మోకాలు ఒరుసుకునేలా జనం. నా పాదం ఆమె పాదం మీదే ఉంది, తీయడానికి సందు లేదు. ఆమె కూడా ఈసారి కాళ్ళు లాక్కోలేకపోయింది. ఒళ్ళోని పుస్తకాలు నొక్కిపట్టి ఎలాగో వంగబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రాహన్ దే నోనీ," అంది. "జఘా నఇ హే."

వద్దులే, చోటు లేదు అని. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఆమెకు అందరూ నోనీలే. దిగేదాకా నా చెయ్యి మాత్రం వదల్లేదు. తడిలేని, గరుకైన అరచెయ్యి. నేను దానిని తాకడం అదే మొదటిసారి.

నానమ్మ పోయి చాలా ఏళ్ళయింది. వెనక సందును రెండు వైపులా ఇళ్ళవాళ్ళు తలా కాస్తా కలిపేసుకున్నారు. ఇప్పుడక్కడ గోడకు గోడ ఆని ఉంది. మా అమ్మాయి కాలికి పుస్తకం తగిలితే "సారీ" అంటుంది పుస్తకంతో, అంతే. కళ్ళకద్దుకోమని నేను చెప్పను. మొన్న అమ్మతో ఫోనులో మాట్లాడుతూ, ఫూల్‌బాయి ఇల్లెక్కడే అని అడిగాను.

"ఏటో మరి," అంది అమ్మ. "ఎవులూ అడగలేదమ్మా."