గడప దాటని గాలి

2023 ఎండాకాలం. జనగామ జిల్లా బచ్చన్నపేట మండలంలోని ఒక ఊళ్లో కొత్తగా కట్టిన ఇల్లు. గృహప్రవేశం దగ్గర పడింది. రంగుల పని అయిపోయింది గానీ తలుపుల వార్నిష్ వాసన ఇంకా పోలేదు. ఆ ఇంటి ఏసీకి చివరి పరీక్షలు చేయడానికి నేను రెండోసారి వెళ్లాను.

నా పనిని కమిషనింగ్ అంటారు. ఏసీ అమ్మేవాళ్లు వేరు, బిగించేవాళ్లు వేరు. బిగించాక రాగి గొట్టాల్లో ఎక్కడైనా లీకు ఉందా, లోపలి తేమ పూర్తిగా పోయిందా, ఏ గదికి ఎంత గాలి వెళ్లాలో అంత వెళుతోందా అని కొలిచి, తేడా ఉంటే సరిచేసి, ఇక వాడుకోవచ్చని చెప్పడం నా వంతు. జనగామలో ఉంటూ మహబూబాబాద్, భూపాలపల్లి దాకా తిరుగుతాను. భూపాలపల్లి అడవి పక్కన చలికి తట్టుకోలేక వేడిగాలి మిషన్లు పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు గానీ, నాకు ఎక్కువ పిలుపులు చల్లదనం కోసమే వస్తాయి.

ఇంటి యజమాని రాజిరెడ్డి పత్తి రైతు. ఇంటి మొత్తానికి డక్ట్ ఏసీ పెట్టించాడు. అంటే సీలింగ్ పైన ఒకే మిషన్ ఉంటుంది. దాని నుంచి పెద్ద గొట్టాల ద్వారా అన్ని గదులకూ గాలి పోతుంది. పల్లెటూళ్లలో ఎవరూ దాని జోలికి పోరు. ఎందుకని మొదటిసారి వెళ్లినప్పుడే అడిగాను.

"మా తమ్మునికి చెమట రాదు సారూ," అన్నాడు.

తమ్ముడి పేరు సుధాకర్. బాయికాడి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేస్తుంటే మంటలు అంటుకుని ఒళ్లు చాలావరకు కాలింది. కాలినచోట తొడ నుంచి తీసి అతికించిన చర్మానికి చెమట పట్టదు. చెమట పట్టని ఒంట్లోంచి వేడి బయటికి పోలేదు. ఎండ ముదిరితే ఒళ్లు కాగిపోయి స్పృహ తప్పుతుంది. అంతకుముందు వేసవిలో అలాగే దవాఖాన పాలయ్యాడు. పోనీ మామూలు స్ప్లిట్ ఏసీ పెడదామంటే, దాని గాలి సూటిగా తగిలితే కొత్త చర్మం పగులుతోంది. హన్మకొండలో అద్దె గదిలో ఏసీ మూతికి అట్టముక్క కట్టుకుని రోజులు వెళ్లదీస్తున్నాడు. సొంతూళ్లో ఉండాలని అతని కోరిక. ఆ కోరిక కోసమే అన్న, గాలి ఒంటికి సూటిగా తగలని డక్ట్ ఏసీతో ఈ ఇల్లు మొదలుపెట్టాడు.

మొదటిసారి వెళ్లినప్పటికి లోపలి గదులకు తలుపులు బిగించలేదు. అప్పుడు అన్ని కొలతలూ సరిపోయాయి. రెండోసారి వెళ్లేసరికి తలుపులు వచ్చాయి, సుధాకర్ కూడా వచ్చాడు. గది ఎలా ఉంటుందో తానే ఉండి చూస్తానన్నాడట.

తలుపు కొట్టి లోపలికి వెళ్లాను. మెడ చుట్టూ తడి తువ్వాల వేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది సారూ, నాతోనే దానికి పంచాయితీ," అన్నాడు. "తలుపు తీస్తె సల్లగ. మూస్తె ఉక్క."

"తీసే ఉంచు బిడ్డా అంటె ఇనడు," నా వెనకాలే వచ్చిన వాళ్ల తల్లి నర్సమ్మ అందుకుంది. "ఇంట్ల మనమే గద."

"ఇయ్యాల మనమే అవ్వా. గృహప్రవేశం నాడు ఊరంత వస్తది. వచ్చినోళ్లు టైల్సు సూస్తరా, నన్ను సూస్తరా? టికెట్ పెట్టుండ్రి మరి."

ఎవరూ నవ్వలేదు. సుధాకర్ గుమ్మంలో నిలబడ్డ అన్న వైపు చూశాడు. "తలుపు మూసుకోరాని రూముల ఉండుడు నాతోని కాదన్నా. గట్లయితే హన్మకొండకే పోత."

రాజిరెడ్డి నా వైపు చూశాడు.

మిషన్ చూశాను, గ్యాసు ప్రెషర్ చూశాను, ఆ గదికి వెళ్లే గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయిందేమో చూశాను. ఏ లోపమూ లేదు. మళ్లీ గదిలోకి వచ్చి, తలుపు మూసి, గాలి వేగం కొలిచే చిన్న ఫ్యాను లాంటి పరికరాన్ని సీలింగ్ జాలీ దగ్గర పట్టుకున్నాను. చూస్తుండగానే దాని రెక్కలు నెమ్మదించాయి. తలుపు కొద్దిగా తీశానో లేదో, చేతిలోని కాగితం సర్రున హాల్లోకి ఎగిరిపోయింది. దాన్ని అందుకోవడానికి వంగినప్పుడు గడప కనిపించింది.

గదిలోకి పంపిన గాలి హాల్లోకి వచ్చి, అక్కడి నుంచి మళ్లీ మిషన్ దగ్గరికి తిరిగి రావాలి. దాన్ని రిటర్న్ ఎయిర్ అంటాం. అది తిరిగి వచ్చే దారి లేకపోతే గది ఊదిన బెలూన్‌లా బిగుసుకుంటుంది, ఇక కొత్త గాలి లోపలికి దూరదు. డ్రాయింగ్ గీసినవాళ్లు తలుపుల కింద వేలు పట్టేంత సందు ఉంచమని రాశారు. దాన్ని అండర్‌కట్ అంటారు. నగరాల ఫ్లాట్లలో లోపలి గదులకు గడపలు ఉండవు కాబట్టి ఆ సందు దానంతటదే మిగులుతుంది. ఇక్కడ నర్సమ్మ పట్టుబట్టి ప్రతి గదికీ టేకు గడప వేయించింది. వడ్రంగి సత్తన్న తలుపు రెక్కను గడప అంచుకు ఎంత చక్కగా కూర్చాడంటే, మధ్యలో కాగితం కూడా పట్టదు. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. గదికి మాత్రం ఊపిరి ఆడలేదు.

"తలుపు అడుగున వేలంత కోస్తే చాలు," అన్నాను.

"తలుపొక్కటి కోస్తె ఏం లాభం సారూ? గడప అంచు అడ్డమే ఉంటది," అన్నాడు తలుపుల పని మీద అక్కడే ఉన్న సత్తన్న. "అంచు గూడ తీయాలె."

నర్సమ్మ గడపకు రాసిన పసుపు వైపు చూసింది. "గడప మీద కాలే పెట్టం, నువ్వు రంపం పెడ్తవా సత్తిగా?"

"నేనెందుకు పెడ్త పెద్దవ్వా? సారు అడిగితె చెప్పిన."

పాత ఇళ్లలో తలుపు పైన వెంటిలేటర్లు ఉండేవి. లింటెల్ పైన గోడకు రంధ్రం చేసి జాలీ పెడదామని చెప్పాను. ఈసారి అడ్డుపడింది రాజిరెడ్డి. "తలుపులు, కిటికీలు సరిగ లెక్క పెట్టి పెట్టిచ్చిన సారూ. ఇంకోటి పడితె బేసి అయితది. వాస్తు ఒప్పదు."

"అయితే రెండు పెడదాం."

సత్తన్న పక్కకు తిరిగి మూతి తుడుచుకున్నాడు. "సారుకు వాస్తు గూడ ఎరుకే," అన్నాడు. నిజానికి నాకూ రెండే నయం. గాలంతా ఒక్కదాంట్లోంచే పోవాలంటే జాలీ ఈల వేస్తుంది.

ఇంతసేపూ వింటున్న సుధాకర్ అడిగాడు: "ఆ బొక్కలకెల్లి లోపట కనబడ్తదా?"

జాలీ రెక్కలు సీలింగ్ వైపు వాలి ఉంటాయి, ఏమీ కనబడదని చెప్పాను.

"మీరు చెప్పుడు కాదు. నేను సూడాలె."

మరునాడు మేస్త్రీ గోడ కోశాడు, జాలీలు బిగించాం. దుమ్ము ఊడ్చాక సుధాకర్ గదిలోంచి బయటికి వచ్చాడు. హాల్లో సత్తన్న, మేస్త్రీ, నేను ఉన్నాం. తువ్వాల ముఖం దాకా లాక్కోబోయి, ఎందుకో వదిలేశాడు. "అన్నా, నువ్వు పోయి నా మంచం మీద కూసో," అని రాజిరెడ్డిని లోపలికి పంపి తలుపు మూశాడు. హాల్లో ఆ మూల నుంచి చూశాడు, ఈ మూల నుంచి చూశాడు. స్టూలు వేయించుకుని ఎక్కి మరీ చూశాడు.

"ఏం కనబడ్తలేదు," అన్నాడు దిగుతూ. "అన్నా, ఏం జేస్తున్నవ్ లోపట?"

"కూసున్న," రాజిరెడ్డి గొంతు జాలీలోంచి వచ్చింది. "సల్లగున్నదిరా తమ్మీ."

"ఇగ రా."

"జరసేపు ఉండనియ్."

నర్సమ్మ నవ్వింది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

తలుపు మూసే ఉంచి మధ్యాహ్నమంతా కొలిచాను. బయట తారురోడ్డు మెత్తబడే ఎండ, పడమటి గోడ చెయ్యి పెట్టలేనంత వేడి. లోపల చల్లదనం తగ్గలేదు. ఆ వేసవిలోనే సుధాకర్ హన్మకొండ గది ఖాళీ చేశాడు.

యంత్రం సరిగా పనిచేస్తోందా అన్నది సగం ప్రశ్నేనని ఆ ఇంట్లో తెలిసింది. మా పనిలో గదిని వెడల్పు, ఎత్తు, ఎండ పడే గోడలతో లెక్కిస్తాం. అందులో ఉండే మనిషి తలుపు మూసుకుంటాడా అన్నది ఆ లెక్కలోకి రాదు. బిడ్డకు పాలిచ్చే తల్లి మూసుకుంటుంది, చదువుకునే పిల్ల మూసుకుంటుంది, ఏ కారణమూ చెప్పకుండా మూసుకునేవాళ్లూ ఉంటారు. ఇప్పుడు ఏ కొత్త ఇంటికి వెళ్లినా ముందు అన్ని తలుపులూ మూయించి, ఆ తర్వాతే కొలత మొదలుపెడతాను.

వానలు పడ్డాక సర్వీసుకు వెళ్లినప్పుడు సుధాకర్‌ను అడిగాను, తలుపు ఇంకా మూసే ఉంచుతున్నావా అని.

"ఒక్కోనాడు మూస్త, ఒక్కోనాడు తీస్త," అన్నాడు. "సల్లదనం కోసమైతె కాదు సారూ. నా ఇష్టం."