ఒడ్డుకు కొట్టుకొచ్చిన అంబర్ కాదు అది

కరోనా రెండో దెబ్బ తగ్గిన మరుసటి ఏడాది. ఆదోనిలో మా అత్తరు దుకాణం తాతల నాటిది. అప్పటికి నేను గల్లాపెట్టె ముందు కూర్చోబట్టి ఇరవై రెండేళ్ళు. అది పెళ్ళిళ్ళ కాలం, మధ్యాహ్నం కూడా గిరాకీ ఉండేది.

ఎమ్మిగనూరు నుంచి కూలీలను సుగ్గికి, అంటే వలస పనికి, కోస్తాకు తీసుకుపోయే మేస్త్రీ ఒకడు ఆ రోజు దుకాణానికి వచ్చాడు. అతని వెంట ఈరన్న అనే కూలీ ఉన్నాడు. కౌతాళం దగ్గరి పల్లె మనిషి, సముద్రం పక్కన రొయ్యల చెరువుల్లో పనిచేస్తాడు. ఈరన్న చేతిలోని సంచి లాక్కొని, తువ్వాలులో చుట్టిన ముద్దను మేస్త్రీ తన చేత్తోనే నా ముందు పెట్టాడు.

"అంబర్, భాయ్. ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అసలుదో కాదో సెప్తే సాలు."

అంబర్ అంటే స్పెర్మ్ వేల్ అనే పెద్ద తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థం. దాన్ని అత్తరులో ఫిక్సేటివ్‌గా, అంటే వాసన తొందరగా ఎగిరిపోకుండా పట్టి ఉంచడానికి, పూర్వం వాడేవాళ్ళు. ఇప్పుడు దాన్ని అమ్మడం, కొనడం నేరం. మేము వాడేది ఫ్యాక్టరీలో చేసిన నకలు.

అప్పుడే బయటికి పొమ్మనాల్సింది. కానీ చేతి అలవాటు ఊరుకోదు. సూది కాల్చి ముద్దలో గుచ్చాను. జిగురుగా కరిగి, తెల్లటి పొగ వచ్చింది. అసలుదే. అయితే ఏళ్ళ తరబడి నీళ్ళలో తేలిన అంబర్ బూడిదరంగుకు తిరుగుతుంది, గట్టిపడుతుంది, దాని వాసన తియ్యగా మారుతుంది. ఇదేమో నల్లగా, మెత్తగా, పేడ కంపు కొడుతోంది. ఇది తేలివచ్చింది కాదు, కడుపులోంచి తీసింది. ఆ మాటే అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. ఈరన్న తల దించుకుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. పెద్ద తిమింగలం ఒకటి ఒడ్డున ఇసుకలో చిక్కుకుందట. జనం దాని మీదికెక్కి ఫోటోలు దిగారట. ఇతనూ ఇంకో ఇద్దరు కూలీలూ ఎండకు దాని చర్మం పగలకుండా పగలంతా బిందెలతో నీళ్ళు పోశారట. అధికారులకు ఫోన్ చేస్తామంటే మేస్త్రీ వద్దన్నాడట. మరునాడు పొద్దున కత్తులతో మనుషుల్ని తెచ్చాడట.

"అది సావలేదన్నా," అన్నాడు ఈరన్న. "ఊపిరి తీసుకుంటాండింది. అట్లనే కోసినారు."

"సేపకు ఏం తెలుస్తాది భాయ్," అన్నాడు మేస్త్రీ.

నా ఒళ్ళు మండిపోయింది. "అది చేప కాదప్పా. మన మాదిరే ఊపిరి పీలుస్తాది, బిడ్డకు పాలిస్తాది," అన్నాను. ఇంకేమీ అనకుండా, ఇంకో పరీక్ష చేయాలి, గంట పడుతుందని చెప్పి లోపలికి పోయి అటవీ అధికారికి ఫోన్ చేశాను.

జీపు వచ్చేసరికి మేస్త్రీ టీ తాగడానికి రోడ్డు మీద ఉన్నాడు. జీపును చూసి జారుకున్నాడు. బెంచీ మీద కూర్చున్న ఈరన్న దొరికాడు. సంచి నీదేనా అని అడిగితే అబద్ధం చెప్పడం తెలియక అవునన్నాడు. దాంతో అతనే ముద్దాయి అయ్యాడు. ముద్ద తీసి పెట్టింది మేస్త్రీ అని, దుకాణం కెమెరాలో అంతా ఉందని నేను మొత్తుకున్నాను. చూద్దాంలే అన్నాడు అధికారి. చూడలేదు. తిమింగలానికి నీళ్ళు పోసినవాడు రిమాండుకు పోయాడు, కోయించినవాడు ఇంకో కూలీల గుంపును లారీ ఎక్కించాడు.

నాలుగో రోజు ఈరన్న భార్య దుకాణానికి వచ్చింది. "ఆయప్ప చేసిన తప్పేంది సాబూ? ఫోన్ చేసింది నువ్వేనంట గదా," అంది. నమ్మి నోరు విప్పినవాణ్ణి నేనే పట్టించినట్టయింది.

ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. చూసిందీ విన్నదీ అంతా రాసి, అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టేదాకా ఆఫీసులోంచి కదలలేదు. అర్జీ తీసుకోనన్న ఆఫీసుకు మూడుసార్లు, ఆ పైఆఫీసుకు రెండుసార్లు తిరిగాను. దుకాణం మూసుకుని తిరగడం నీకెందుకని మా బంధువులే అడిగారు. రెండు నెలలకు మేస్త్రీ మొదటి ముద్దాయి అయ్యాడు, ఈరన్న సాక్షిగా మారి ఇంటికి వచ్చాడు. ఒడ్డున కత్తి పట్టినవాళ్ళెవరో ఈనాటికీ తేలలేదు. కేసు నడుస్తూనే ఉంది. వాయిదాకు రమ్మన్నప్పుడల్లా ఈరన్న, నేను కలిసే పోతున్నాం.

సరుకు మంచిదా కాదా అని ముక్కుతో చెప్పడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. అది ఎవరి ప్రాణం తీసి వచ్చిందని అడగడం ఈరన్న వల్ల నేర్చుకున్నాను. ఇప్పటికీ నెలకొకరు చెవి దగ్గరికి వంగి అసలు అంబర్ ఉందా అని అడుగుతారు. లేదంటే, ఒక్క చుక్కే కదా భాయ్, అంటారు. ఆ ఒక్క చుక్క అడిగేవాళ్ళే లేకపోతే, ఊపిరి తీసుకుంటున్న దాని మీద కత్తి పెట్టేవాడు ఉండడని వాళ్ళ మొహం మీదే చెప్తున్నాను. కొందరు మళ్ళీ రావడం లేదు. రాకపోతే పోనీ.