ముందు రోగి మందు

ఆఫీసులో ఆమెను అందరూ చుట్ల పిన్ని అనేవారు. ఏ పని అప్పగించినా ఒక లూపు, అంటే చుట్టు, రాసి, మొదటి రోగి నుంచి చివరి రోగి దాకా ప్రోగ్రామును ఓపిగ్గా తిప్పుకొచ్చేది. ఆసుపత్రి కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాముల్లో సగం ఆమె చేతి మీదుగా వచ్చినవే.

పాత లూపులన్నీ తీసేసి లాంబ్డాలనే చిన్న తునకలతో రాయమని మేనేజరు చెప్పినప్పుడు పిన్ని మూతి ముడిచింది. చక్కగా నడిచేదాన్ని కెలకడం దేనికని గొణిగింది. అయినా కూర్చుని నేర్చుకుంది. ఒక్కో రోగికి ఏం చెయ్యాలో చెబితే చాలు, తిప్పే పని ప్రోగ్రాము భాషే చూసుకుంటుంది. పేజీడు లూపు మూడు వరుసలకు దిగిపోతుంటే ఆమెకే ముచ్చటేసింది.

ఏ రోగికి ఏ మందు పడదో డాక్టర్లకు చూపే ప్రోగ్రాము దగ్గర బండి ఆగింది. విలువను దాచుకునే వేరియబుల్ బయటుంటే, దాన్ని లాంబ్డా లోపల మార్చనివ్వనని, రాసినదాన్ని సరిచూసే కంపైలరు మొండికేసింది. దీనికింత పట్టుదల ఎందుకని పిన్ని తన పాత లూపును మళ్లీ చదివింది. పడని మందు పేరు ఆ వేరియబుల్‌లోనే ఉంటుంది. రోగికి అలాంటి మందేదీ లేకపోతే పాత పేరును తుడిచెయ్యాలి. తుడిచే వరుసే లేదు. ముందు రోగికి పడని మందు, తర్వాతి రోగికీ పడనిదిగా కనిపిస్తోంది.

పిన్నికి అక్క గుర్తొచ్చింది. కిందటేడు అక్కకు ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పుడు, అసలు మందు ఆమెకు పడదని ఈ ఆసుపత్రి కంప్యూటరే చూపిస్తే డాక్టరు మరోదానితో సరిపెట్టాడు. అక్క కోలుకున్నా, నాలుగు మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే.

మేనేజరుకు చెప్పి ప్రోగ్రాము ఆపించింది. డాక్టర్లకు కబురు వెళ్లాక తిన్నగా అక్క ఇంటికి పోయి, నిలబడే అంతా చెప్పింది.

"చిన్నప్పుడు ఇద్దరం అదే మందు మింగాం కదే. నాకెందుకు పడదని అప్పుడే నిన్ను అడిగాను," అంది అక్క.

"కంప్యూటరు అబద్ధం చెప్పదన్నాను అక్కా."

అక్క కుర్చీ చూపించింది గానీ పిన్ని కూర్చోలేకపోయింది.

"ఇంకెంతమందికి ఇలా అయ్యుంటుందే?" అంది అక్క.

మర్నాటి నుంచి రోగులందరికీ ఫోన్లు చేసే నర్సుల పక్కన పిన్ని కుర్చీ వేసుకుని కూర్చుంది. అవతలివాళ్లు ఫోనెత్తినప్పుడల్లా, ఆ ప్రోగ్రాము రాసింది తానేనని ముందు చెప్పేది.